రాసింది దిద్దుకోవడానికి ఎంత గడువు ఉండాలి?

రైల్వే స్టేషన్ మాస్టర్ బల్ల మీద ట్రైన్ సిగ్నల్ రిజిస్టరు అని ఒక పుస్తకం ఉంటుంది. పక్క స్టేషన్‌ను లైన్ క్లియర్ ఎప్పుడు అడిగారు, ఎప్పుడు దొరికింది, బండి ఎన్ని గంటలకు వచ్చింది, ఎన్ని గంటలకు వెళ్లింది అన్నీ అందులో సిరాతో రాయాలి. 14.53 అని రాయాల్సిన చోట 14.35 అని పడిందనుకుందాం. దాన్ని రబ్బరుతో చెరపడానికి గానీ, అంకె మీద అంకె దిద్దడానికి గానీ, కాగితం చింపేయడానికి గానీ వీల్లేదు. తప్పు అంకె మీద ఒక సన్నని గీత గీసి, దాని పైన సరైన అంకె రాయాలి. గీత కింద ఉన్న పాత అంకె ఎప్పుడైనా చదవడానికి వీలుగా ఉండాలన్నది రైల్వే సాధారణ నియమాల్లోనే ఉంది.

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ ఇలాంటి రిజిస్టర్ల మధ్య పెరిగిన ఊరు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఈ ప్రాంతానికి పట్టాలు వేసింది. 2003లో ఇదే ఊరు ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రమైంది. కోర్బా గనుల బొగ్గు మోసే గూడ్సు బండ్లు పగలూ రాత్రీ ఈ దారిలో కదులుతూనే ఉంటాయి. వాల్తేరు వరకూ విస్తరించిన ఆ పాత రైల్వే కంపెనీ కొలువుల కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూర్‌కూ బిలాస్‌పూర్‌కూ వలస వెళ్లాయి. రైల్వే క్వార్టర్లలో తెలుగు ఇప్పటికీ వినిపిస్తుంది. ఊరికి వెళ్లాలంటే తిరుపతి ఎక్స్‌ప్రెస్, విశాఖ బండి ఉండనే ఉన్నాయి.

రిజిస్టరులో గీత కొట్టి దిద్దే మనిషే డ్యూటీ దిగి ఇంటికొచ్చాక ఫోన్ చేతిలోకి తీసుకుంటాడు. అక్కడ ఆ నియమం లేదు. రాసిన మాటను నొక్కిపట్టి, మార్చి, పంపేస్తే పాత మాట మాయమవుతుంది. రాసింది మార్చుకునే వీలు ఉండాలా, ఉంటే ఎంతసేపు, మార్చాక పాత మాట ఏమవ్వాలి అన్న ప్రశ్నలకు రైల్వే ఎప్పుడో జవాబు వెతుక్కుంది. చేతిలో ఫోన్ ఉన్న సమాజం ఇంకా వెతుక్కోలేదు.

పదిహేను నిమిషాల్లో ఏమవుతుంది?

వాట్సాప్ 2023 మే నెలలో సందేశాన్ని దిద్దుకునే వీలు ఇచ్చింది. గడువు 15 నిమిషాలు. దిద్దిన సందేశం పక్కన దిద్దినట్టు చిన్న గుర్తు పడుతుంది కానీ ముందు ఏముందో చదివేవారికి కనిపించదు. ఆపిల్ ఐమెసేజ్‌లో కూడా గడువు 15 నిమిషాలే, గరిష్ఠంగా ఐదు సార్లు. అయితే అక్కడ పాత రూపాలను అవతలివారు చూడగలరు. సిగ్నల్ యాప్ 24 గంటలు ఇస్తుంది, పాత రూపాలనూ చూపిస్తుంది. టెలిగ్రామ్‌లో మామూలు సంభాషణల్లో 48 గంటల వరకూ దిద్దుకోవచ్చు. ఒకే పనికి నాలుగు యాప్‌లు ఇన్ని రకాల సమాధానాలు ఇచ్చాయంటే, ఈ గడువుల వెనుక ప్రకృతి నియమం ఏదీ లేదని అర్థం. ఎవరికి తోచిన అంకె వాళ్లు పెట్టుకున్నారు.

గడువు ఎందుకు ముఖ్యమో ఒక చిన్న ఉదాహరణతో చూద్దాం. ఒక కాలనీ గ్రూపులో ఒకాయన ఇలా రాశాడనుకుందాం: 'ఇవాళ తిరుపతి బండి రద్దయిందట.' రెండు నిమిషాల్లో ఒకామె జవాబిచ్చింది: 'అయితే పిన్ని వాళ్లను బయలుదేరొద్దని చెప్పేస్తాను అన్నయ్యా.' ఇంకో నాలుగు నిమిషాలకు ఆయనకు అసలు విషయం తెలిసింది. పాత సందేశాన్నే దిద్దాడు: 'ఇవాళ తిరుపతి బండి గంట ఆలస్యమట.' సాయంత్రం గ్రూపు తెరిచిన వారికి కనిపించేది ఏమిటి? బండి గంట ఆలస్యమని ఒకరు చెబితే, ఇంకొకరు పిన్నిని ప్రయాణమే మానుకోమన్నట్టు. పొరపాటు మొదట రాసినాయనది, తెలివితక్కువ అనిపించుకున్నది జవాబిచ్చినామె. ఆ పిన్ని సంగతి సరేసరి. దిద్దిన సంగతి ఆమెకు ఎవరూ చెప్పకపోతే బండి తప్పిపోయినట్టే.

ఆ ఆరు నిమిషాల్లో మొదటి సందేశాన్ని ఇంకొకరు తమ బంధువుల గ్రూపుకు పంపి ఉంటే పరిస్థితి ఇంకా జటిలం. ఫార్వర్డ్ చేసిన ప్రతి వేరే కాపీ. మూలంలో చేసిన దిద్దుబాటు దానికి చేరదు. ఒక్కొక్కరు మూడేసి నిమిషాలకు ఒకసారి కొత్తగా ఐదుగురికి పంపుతారని లెక్కకు అనుకుంటే, 15 నిమిషాల్లో ఐదు అంచెలు పూర్తవుతాయి. 5, 25, 125, 625, 3125 కలిపితే 3905 మంది. నిజ జీవితంలో ఒకే మనిషికి అదే సందేశం పలుచోట్ల నుంచి వస్తుంది, చాలామంది అసలు పంపరు, కాబట్టి అంకె ఇంత పెరగదు. అయినా పెరుగుదల తీరు ఇదే. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలంటూ పాకిన వదంతులు మన దేశంలో మూకదాడులకు దారితీశాక, వాట్సాప్ ఒకేసారి ఐదు చోట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది కూడా ఈ లెక్క వల్లే.

భౌతికశాస్త్రంలో దీనికి దగ్గరి పోలిక ఉంది. ఒక చోట జరిగిన సంఘటన ప్రభావం ఒక పరిమిత వేగంతో బయటకు వ్యాపిస్తుంది. తర్వాత పంపిన రెండో సంకేతం అంతే వేగంతో ప్రయాణిస్తే మొదటిదాన్ని ఎప్పటికీ అందుకోలేదు. మాటల విషయంలో రెండోది సాధారణంగా ఇంకా నెమ్మది. 'బండి రద్దు' అన్నంత చురుగ్గా 'రద్దు కాలేదు' అన్న మాటను ఎవరూ నలుగురికీ పంపరు.

సిగ్నల్ చూసినవారి హక్కు

రైల్వే సిగ్నలింగ్‌లో అప్రోచ్ లాకింగ్ అనే ఏర్పాటు ఉంది. సామాన్య ప్రయాణికులకు దాని పేరు తెలిసే అవకాశం లేదు గానీ, ఈ చర్చకు అది ఎంతో పనికొస్తుంది.

స్టేషన్ మాస్టర్ ఒక బండికి దారి ఏర్పాటు చేసి సిగ్నల్ ఇచ్చాడు. వెంటనే మనసు మారింది, ఇంకో బండిని ముందు పంపాలి. ఆయన సిగ్నల్‌ను తిరిగి ఎర్రగా చేయవచ్చు, అది క్షణంలో అయిపోతుంది. కానీ పట్టాల దారిని మాత్రం వెంటనే మార్చలేడు. పాయింట్లు తాళం వేసినట్టు ఉండిపోతాయి. మన రైల్వేలో సాధారణంగా 120 సెకన్లు గడిచాకే ఆ తాళం వదులుతుంది.

ఎందుకు? దగ్గరకు వస్తున్న లోకో పైలట్ అప్పటికే పచ్చ దీపం చూసి ఉండవచ్చు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వస్తున్న బండి సెకనుకు దాదాపు 28 మీటర్లు కదులుతుంది. బ్రేకు వేస్తే దాని వేగం ప్రతి సెకనుకూ సెకనుకు 0.4 మీటర్ల చొప్పున తగ్గుతుందనుకుంటే, ఆగడానికి 70 సెకన్లు పడుతుంది, ఆలోగా దాదాపు ఒక కిలోమీటరు దూసుకొస్తుంది. ఆ సమయంలో కాళ్ల కింద పాయింట్లు కదిలితే పట్టాలు తప్పడమే. అందుకే, పాత మాటను నమ్మి బయలుదేరిన బండి ఆగేదాకానో దాటిపోయేదాకానో కొత్త మాట అమలులోకి రాకుండా యంత్రమే అడ్డుపడుతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. అత్యవసరంగా దారిని రద్దు చేసే మీట నొక్కిన ప్రతిసారీ ప్యానెల్ మీద ఒక లెక్కింపు అంకె ఒకటి పెరుగుతుంది. అది ముందుకే తిరుగుతుంది, వెనక్కి తిరగదు. ఎందుకు నొక్కాల్సి వచ్చిందో రిజిస్టరులో రాయాలి. డ్యూటీ మారేటప్పుడు వచ్చేవారు ఆ అంకె చూసుకుంటారు. మార్చే అధికారం స్టేషన్ మాస్టర్‌కు ఉంది, మార్చిన సంగతి దాచే అధికారం మాత్రం లేదు.

సందేశాల దిద్దుబాటుపై నడిచే వాదాలన్నీ రాసినవారి చుట్టూ తిరుగుతాయి. ఆయన తప్పు, ఆయన ఇబ్బంది, ఆయన సౌకర్యం. అప్రోచ్ లాకింగ్ మాత్రం చూసినవారి వైపు నిలబడుతుంది. ఒక మాటను నలుగురూ చూశాక అది రాసినవారి సొంత సొత్తుగా మిగలదు. దాన్ని నమ్మి ఎవరో ఒక అడుగు వేసి ఉంటారు. గడువు ఎంత ఉండాలన్న ప్రశ్నను అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

ప్రాణాలు పోయినప్పుడు

2025 నవంబరు 4న గేవ్రా రోడ్ నుంచి వస్తున్న మెము ప్రయాణికుల రైలు బిలాస్‌పూర్ దగ్గర ఒక గూడ్సు బండిని వెనుక నుంచి ఢీకొంది. పది మందికి పైగా ప్రాణాలు పోయాయి. ఇలాంటి పెద్ద ప్రమాదాల మీద చట్టబద్ధ విచారణ జరిపేది రైల్వే భద్రతా కమిషనర్. ఆ కార్యాలయాన్ని రైల్వే శాఖ కింద కాకుండా పౌర విమానయాన శాఖ కింద ఉంచారు. తమ పని మీద తామే తీర్పు చెప్పుకునే పరిస్థితి రాకూడదని ఈ ఏర్పాటు.

ఏ ప్రమాదంలోనైనా విచారణాధికారి మొదట అడిగేవి రికార్డులే. స్టేషన్ల రిలే గదుల్లో డేటా లాగర్ అనే పరికరం ఏ సిగ్నల్ ఎప్పుడు ఏ రంగులో ఉంది, ఏ పట్టా ముక్క మీదకు బండి ఎప్పుడు చేరింది అన్నది మిల్లీసెకన్ల లెక్కన నమోదు చేస్తుంది. ఇంజనులో వేగాన్ని నమోదు చేసే యంత్రం వేరే ఉంటుంది. స్టేషన్ల మధ్య మాటలకు ప్రైవేట్ నంబర్ల పట్టీ ఉంటుంది. లైన్ క్లియర్ ఇచ్చే స్టేషన్ మాస్టర్ ఆ పట్టీలోంచి ఒక నంబరు చెబుతాడు, వాడిన నంబరును కొట్టేస్తాడు, రెండు వైపులా అది రిజిస్టరులో చేరుతుంది. బ్యాంకులు ఓటీపీ పంపడం మొదలుపెట్టడానికి చాలాకాలం ముందే రైల్వే ఈ పద్ధతి పాటించింది. 'నేను ఆ మాట అనలేదు' అని ఏ పక్షమూ తర్వాత తప్పించుకోలేదు.

ఈ రికార్డులను ప్రమాదం జరిగిన గంటలోపు 'దిద్దుకునే' వీలు ఉండి ఉంటే? ఏ మనిషి మీద తప్పు మోపాలన్నా, ఏ మనిషిని నిర్దోషిగా తేల్చాలన్నా ఆధారం మిగలదు. నష్టపోయేది మృతుల కుటుంబాలే కాదు, తన పని సక్రమంగా చేసిన ఉద్యోగి కూడా. మార్చలేని రికార్డు అంటే ఉద్యోగి మీద నిఘా అనుకునేవారు ఈ రెండో వైపు కూడా చూడాలి.

శాస్త్రం తన తప్పులను ఎక్కడ దాచుకుంటుంది?

2011 సెప్టెంబరులో ఒపేరా ప్రయోగ బృందం ప్రపంచాన్ని నివ్వెరపరిచే ఫలితం ప్రకటించింది. జెనీవా దగ్గరి సెర్న్ నుంచి ఇటలీలోని గ్రాన్ సాసో ప్రయోగశాలకు చేరిన న్యూట్రినోలు కాంతి కంటే దాదాపు 60 నానోసెకన్లు ముందు వచ్చాయని. కొన్ని నెలలకు లోపం దొరికింది. సమయ సంకేతాన్ని మోసే ఒక ఆప్టికల్ ఫైబర్ తీగ సరిగా బిగించి లేదు. దాన్ని సరిచేసి లెక్కిస్తే న్యూట్రినోలు కాంతి వేగాన్ని మించలేదు.

అప్పుడు ఆ బృందం ఏం చేసింది? పరిశోధన పత్రాలను ముందుగా ఉంచే ఆర్కైవ్ అనే వేదికలో అదే సంఖ్య కింద సవరించిన రూపాన్ని చేర్చింది. 2011 నాటి మొదటి రూపం తొలగిపోలేదు. ఇవాళ ఏ విద్యార్థి అయినా రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదువుకోవచ్చు. ఆర్కైవ్‌లో దిద్దుబాటుకు గడువు లేదు, పదేళ్ల తర్వాతైనా కొత్త రూపం పెట్టవచ్చు. కానీ పాతది పోదు. రచయిత పత్రాన్ని వెనక్కి తీసుకున్నా ముందటి రూపాలు అక్కడే ఉంటాయి. ఆ తప్పు వల్ల ఒపేరా బృందానికి ఇబ్బంది కలగలేదని కాదు, కలిగింది. అయినా, తప్పు ఎలా జరిగిందో బయటపెట్టి రాసినందువల్లే మిగతా ప్రయోగశాలలు తమ తీగలను మరోసారి చూసుకోగలిగాయి.

లెక్కల పుస్తకాల్లోనూ ఇదే దారి. మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పునూ తేదీతో సహా నమోదు చేసే ఏర్పాటు తప్పనిసరి. దాన్ని ఆపేసే వీలు ఉండకూడదు. పద్దు మార్చుకోవచ్చు, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. మార్చిన జాడ మాత్రం ఉండాలి. స్టేషన్ మాస్టర్ గీసే సన్నని గీతకు ఇది కంప్యూటర్ రూపం.

మరి మరచిపోయే హక్కు?

దీనికి బలమైన ఎదురు వాదన ఉంది. మామూలు మనిషి కబుర్లు రైల్వే రిజిస్టరు కాదు. కోపంలో అన్న మాట, తొందరలో పెట్టిన ఫోటో, పొరపాటున రాసిన ఫోన్ నంబరు ఎప్పటికీ వెంటాడాలా? కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమన్నారు పెద్దలు. అయితే నోటిమాట గాలిలో కలిసిపోతుంది, విన్నవారి జ్ఞాపకంలోనూ మసకబారుతుంది. రాతకు ఆ మరుపు లేదు. తన ఇంటి చిరునామా పొరపాటున పదిమందిలో పెట్టేసిన ఒక ఆడపిల్లకు 15 నిమిషాలు దాటాయి, ఇక కుదరదు అని చెప్పడం అన్యాయం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా తన సమాచారాన్ని సరిచేయమని, చెరిపేయమని కోరే హక్కును పౌరులకు ఇచ్చింది.

ఈ వాదన నిజమే. కానీ అది చెరిపేయడం గురించి, మార్చడం గురించి కాదు. ఈ రెండింటినీ కలిపి చూడటం వల్లే గందరగోళం వస్తోంది. ఒక సందేశాన్ని తొలగిస్తే అక్కడ ఖాళీ కనిపిస్తుంది. ఏదో ఉండేది, తీసేశారు అని చదివేవారికి తెలుస్తుంది, జవాబిచ్చినామె తెలివితక్కువది అనిపించుకోదు. మార్చినప్పుడు అలా కాదు. ఖాళీ ఉన్న చోట ఇంకో మాట కూర్చుంటుంది, అది మొదటి నుంచీ అక్కడే ఉన్నట్టు నటిస్తుంది. అందువల్ల తొలగించే గడువు ఉదారంగా ఉండవచ్చు, జాడ లేకుండా మార్చే గడువు మాత్రం బిగువుగా ఉండాలి. నేటి యాప్‌లలో కొన్ని పాత రూపాన్ని చూపకుండానే మార్చుకోనివ్వడం ఈ తేడాను పట్టించుకోకపోవడమే.

ఇక అక్షర దోషాల సంగతి. 'రాడు' అనబోయి 'రాజు' అని టైపు చేసినవారికి ఆ తప్పు సాధారణంగా పంపిన వెంటనే కంటపడుతుంది. కొన్ని నిమిషాల గడువు దానికి చాలు. రెండు రోజుల తర్వాత గుర్తొచ్చేది సాధారణంగా అక్షర దోషం కాదు, అభిప్రాయం మారడం. అభిప్రాయం మార్చుకోవడం మంచి పనే. దాన్ని కొత్త వాక్యంగా రాయడానికి ఎవరూ అడ్డుపడరు.

ఎక్కడ గీత గీయాలి?

ఇదంతా కలిపి చూస్తే ఒక సరళమైన పద్ధతి కనిపిస్తుంది. పంపిన తర్వాత కొద్ది నిమిషాలు, ఎవరూ జవాబివ్వనంత వరకు, ఇష్టం వచ్చినట్టు దిద్దుకోనివ్వాలి. జవాబు వచ్చిన క్షణం నుంచి లేదా ఫార్వర్డ్ అయిన క్షణం నుంచి, గడువు మిగిలి ఉన్నా సరే, దిద్దుబాటు పాత రూపంతో పాటే కనిపించాలి. గడియారం కంటే జవాబే సరైన హద్దు, ఎందుకంటే సిగ్నల్ చూసిన బండి అదే. దిద్దిన సంగతి అప్పటికే చదివినవారికి మళ్లీ తెలియజేయాలి. తొలగించే హక్కు ఎప్పుడూ ఉండాలి, తొలగించిన గుర్తుతో సహా.

ప్రభుత్వ కార్యాలయాలు, రైల్వేలు, విద్యుత్ సంస్థలు, పరీక్షా మండళ్లు బహిరంగంగా ఇచ్చే సమాచారానికి ఈ మినహాయింపులు కూడా అక్కర్లేదు. బండి రద్దు, పరీక్ష తేదీ, నీటి విడుదల వంటి ప్రకటనలు ఒకసారి వెలువడ్డాక వాటిని నమ్మి వేలమంది ప్రయాణాలు మార్చుకుంటారు. అక్కడ జాడ లేని దిద్దుబాటుకు ఒక్క నిమిషం గడువు కూడా ఇవ్వకూడదు. తప్పు జరిగితే 'సవరణ' అని కొత్త ప్రకటన ఇవ్వాలి, పాతదాని మీద గీత కొట్టినట్టు చూపాలి. సాంకేతికంగా ఇందులో కష్టమేమీ లేదు. పత్రంలో ఒక్క అక్షరం మారినా బయటపడేలా కాలముద్ర వేసే పద్ధతిని స్టువర్ట్ హేబర్, స్కాట్ స్టోర్నెటా 1991లోనే వివరించారు. కావాల్సింది ఆ క్రమశిక్షణ పాటించాలన్న ఉద్దేశం.

బిలాస్‌పూర్ స్టేషన్ పేరు సాహిత్యంలో నిలిచిపోవడానికి కారణం కూడా ఒక దిద్దుబాటే. 1918లో వచ్చిన రవీంద్రనాథ్ ఠాగూర్ సంపుటి 'పలాతక'లో 'ఫాంకి' అనే కవిత ఉంది. జబ్బుపడిన భార్యతో ప్రయాణిస్తున్న ఒకతను బండి మారడానికి బిలాస్‌పూర్‌లో ఆగుతాడు. స్టేషన్‌లో పరిచయమైన ఒక కూలీ భార్యకు కూతురి పెళ్లి కోసం 25 రూపాయలు ఇమ్మని భార్య అడుగుతుంది. అతను ఆమెకు తెలియకుండా రెండు రూపాయలే ఇచ్చి పంపేసి, మొత్తం ఇచ్చినట్టు నమ్మిస్తాడు. రెండు నెలలకు భార్య చనిపోతుంది. ఆ మోసం మోయలేక డబ్బు పట్టుకుని బిలాస్‌పూర్ తిరిగి వస్తాడు. ఆ కూలీ కుటుంబం అప్పటికే ఊరు విడిచి వెళ్లిపోయింది, ఎక్కడికో సరిగా చెప్పగలవారు లేరు.

అతనికి దిద్దుకునే మనసు ఉంది, చేతిలో డబ్బూ ఉంది. అందుకోవాల్సిన మనిషే అక్కడ లేదు. 'తిరుపతి బండి రద్దు' అన్న మాట నమ్మి ఇంట్లోనే ఉండిపోయిన పిన్ని విషయంలోనూ జరిగేది అదే. దిద్దుబాటు ఫోన్ తెర మీద పూర్తయిపోతుంది, ఆమె దాకా మాత్రం చేరదు.